శ్వాసనాళం కుట్లు మానడానికి గ్రోత్ ఫ్యాక్టర్లు పనికొస్తాయా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగలడంతో కొన్ని వారాలు వెంటిలేటర్ మీద ఉండి కోలుకున్నాడు. ఇంటికి వచ్చాక ఆయాసం, ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం మొదలయ్యాయి. శ్వాసనాళం ఇరుకైందని, ఆ భాగాన్ని తొలగించి కొసలను కలిపి కుట్టాలని డాక్టరుగారు చెప్పారు. ‘గ్రోత్ ఫ్యాక్టర్’ మందు కూడా వేయిస్తే కుట్లు త్వరగా మానతాయని, దానికి విడిగా డబ్బు కట్టాలని తెలిసినవారొకరు అంటున్నారు. వేయించమంటారా? ఆపరేషన్ మాటకే అమ్మ భయపడిపోతోంది.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, డబ్బు కట్టి ఆ మందు వేయించవద్దు. శ్వాసనాళం ఆపరేషన్‌లో అది ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. అయితే ఆ ఆలోచన వెనుక నిజమైన శాస్త్రం ఉంది కనుక కొంత వివరంగా చెబుతాను.

పెద్దవారిలో శ్వాసనాళం పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు. దానికి రక్తం అందించే సన్నని నాళాలు రెండు పక్కల నుంచి ముక్కముక్కకూ విడివిడిగా వస్తాయి. వెంటిలేటర్ గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగ ఎక్కువగా ఒత్తితే లోపలి పొరకు రక్తం అందక పుండు పడి, అది మానుతూ మచ్చగా బిగుసుకుపోతుంది. మీ తమ్ముడికి జరిగింది బహుశా ఇదే. ఆపరేషన్ తర్వాత కుట్లు మానడమూ ప్రధానంగా ఈ రక్తసరఫరా మీదా, కుట్ల మీద పడే లాగుడు మీదా ఆధారపడి ఉంటుంది.

గ్రోత్ ఫ్యాక్టర్లు మన కణాలు తయారుచేసుకునే ప్రొటీన్లే. గాయమైన చోట కొత్త రక్తనాళాలు మొలవడానికి, పైపొర పెరగడానికి ఇవి సంకేతాలిస్తాయి. వీటిలో ‘వీఈజీఎఫ్’ అనేది రక్తనాళాలను మొలిపిస్తుంది. కుందేళ్ల శ్వాసనాళం నుంచి తీసిన ముక్కను ఈ ప్రొటీన్‌లో నానబెట్టి తిరిగి అతికించగా, రక్తసరఫరా త్వరగా ఏర్పడిందని, వాపు, మచ్చ తగ్గాయని 2001లో షికాగో పరిశోధకులు ప్రచురించారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ కుందేలులో పనిచేసిన మోతాదు మనిషిలో కూడా సురక్షితమని దానివల్ల రుజువు కాదు. ఈ ప్రొటీన్లు శరీరంలో త్వరగా కరిగిపోతాయి కాబట్టి జెలటిన్ వంటి పదార్థంలో ఇమిడ్చి నెమ్మదిగా విడుదలయ్యేలా చేయాలి. వీఈజీఎఫ్ మోతాదు మించితే నాళాల నుంచి ద్రవం కారి వాపు వస్తుంది. ‘టీజీఎఫ్-బీటా’ అనే మరొకటి మచ్చను పెంచగలదు. చర్మం మీద కాస్త ఎక్కువ కండ పెరిగినా ప్రాణాపాయం ఉండదు గానీ, ఊపిరి వెళ్లే దారిలో కొద్దిపాటి పెరుగుదల కూడా ఊపిరాడనివ్వదు. మధుమేహుల కాలి పుండ్లకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌లు మన దేశంలో దొరుకుతాయి, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కూడా ఒకటి తయారుచేసింది. చర్మానికి ఉద్దేశించిన ఆ మందును శ్వాసనాళానికి వర్తింపజేయడం తగదు.

తొందరపాటు ఎంత ప్రమాదమో చెప్పే విషాద ఉదాహరణ కూడా ఉంది. 2011లో స్వీడన్‌లో పావొలో మాకియారినీ అనే సర్జన్ రోగి మూలకణాలు పూసిన ప్లాస్టిక్ శ్వాసనాళాన్ని అమర్చి, కణజాలం పెరిగేందుకు మందులు కూడా ఇచ్చారు. అది విజయమని ప్రకటించిన పరిశోధన పత్రం 2018లో ఉపసంహరణకు గురైంది. అక్కడ ఆపరేషన్ చేయించుకున్న ముగ్గురు రోగులూ తర్వాత మరణించారు. 2023లో అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ల జైలుశిక్ష విధించింది.

మీ తమ్ముడికి డాక్టరుగారు సూచించిన ఆపరేషన్ అలాంటిది కాదు, ఎంతోకాలంగా నిలదొక్కుకున్న చికిత్స. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో 901 మందికి చేసిన ఇలాంటి ఆపరేషన్ల సమీక్ష 2004లో వెలువడింది. 95 శాతం మందికి ఫలితం బాగుంది, సుమారు 9 శాతం మందికి కుట్ల దగ్గర ఇబ్బందులు వచ్చాయి. మధుమేహం, 4 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన ముక్క తీయవలసి రావడం, రెండోసారి ఆపరేషన్, ముందే గొంతుకు రంధ్రం పెట్టి ఉండటం ప్రమాదాన్ని పెంచాయి. మీ తమ్ముడికి వీటిలో ఏవి వర్తిస్తాయో, ఆ సర్జన్‌కు ఈ ఆపరేషన్‌లో ఎంత అనుభవం ఉందో అడగండి. స్టెరాయిడ్లు వాడుతుంటే ముందుగా చెప్పండి, పొగతాగే అలవాటుంటే మాన్పించండి. ఆపరేషన్ తర్వాత కుట్ల మీద లాగుడు పడకుండా గడ్డాన్ని ఛాతీ చర్మానికి కలిపి దాదాపు వారం పాటు కుట్టి ఉంచడం కూడా కొన్నిచోట్ల చేస్తారు. అది చూసి అమ్మ భయపడకుండా ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మరి అనుమతి ఉన్న పరిశోధనలో ఈ మందు ఇస్తామంటే చేరవచ్చా?
– అదే పాఠకురాలు

జవాబు: చేరడం తప్పు కాదు. కాకపోతే ఆ పరిశోధన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియాలో నమోదై ఉందా, ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా అని చూడండి. ప్రయోగ మందుకు మీ నుంచి డబ్బు అడిగితే దూరంగా ఉండండి. ఏ పద్ధతిలో ఆపరేషన్ జరిగినా, ఆ తర్వాతి నెలల్లో ఊపిరిలో మళ్లీ శబ్దం వినిపించినా, మెడ కింద గాలి చేరి ఉబ్బినా, రక్తపు కళ్లె పడినా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లండి.