టెక్ సందేహాలు: లెగో రైలుకి మంచమంత జాగా చాలు

ఎప్పుడు చూసినా ఫోన్ హ్యాంగ్ అయితుంది, స్టోరేజ్ నిండింది, ఓటీపీ వస్తలేదు, గివే ప్రశ్నలు. ఈసారి ఎండకాలం సెలవులు గదా, పిల్లల పేరు చెప్పి పెద్దోళ్లే లెగో రైళ్ల (ప్లాస్టిక్ ఇటుక ముక్కలు పేర్చి కట్టే బొమ్మ రైళ్లు) మీద పడ్డట్టున్నరు, మెసేజ్‌లల్ల సగం అవే. ఆ పిచ్చి నాక్కూడా ఉంది కాబట్టి ఈ వారం మొత్తం రైళ్లకే ఇచ్చేస్తున్న, ఫోన్ హ్యాంగ్ అయ్యేటోళ్లు జర రీస్టార్ట్ కొట్టుకుంట వచ్చే వారం దాకా ఓపిక పట్టుర్రి.

మిర్యాలగూడ కెళ్లి ఒక డిగ్రీ తమ్ముడు: అన్నా, మా టేసన్ల ఆగే ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం ఎర్ర డబ్బాల రైలు లెగోతోని చేద్దామని కొలతలన్నీ వెతికి, స్కేల్ లెక్కగట్టి, స్టూడియో అనే లెగో డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల డిజైన్ చేసి ఒక డబ్బా కట్టిన. చూస్తే మస్తుగుంది గాని వంపు కాడికి పోంగనే పట్టాలు దిగుతుంది, పక్కన పెట్టిన ప్లాట్‌ఫారంని గుద్దుతుంది. తప్పు యాడ జరిగింది?

తమ్మీ, నీ లెక్కల తప్పు లేదు, నువ్వు లెక్క షురూ చేసిన జాగల ఉంది. నువ్వు అసలు రైలుని కొలిచి దాన్ని చిన్నగ చేసినవు. ముందు కొలవాల్సింది పట్టాల వంపుని.

ఎట్లనో చూడు. లెగో ఇటుక మీద బుడిపెలుంటయి గదా, వాటిని స్టడ్ అంటరు, ఒక స్టడ్‌కి ఇంకో స్టడ్‌కి మధ్య 8 మిల్లీమీటర్లు. అసలు ఎల్‌హెచ్‌బీ డబ్బా పొడుగు దాదాపు 23.5 మీటర్లు, వెడల్పు 3.24 మీటర్లు. లెగోల 8 స్టడ్ల వెడల్పు పెట్టుకున్నవంటే అది 64 మిల్లీమీటర్లు, అంటే సుమారు 50 రెట్లు చిన్నది. అదే లెక్క పొడుగుకి వేస్తే 47 సెంటీమీటర్లు, దాదాపు 59 స్టడ్లు వస్తది. నువ్వు కూడా గంతే కట్టి ఉంటవు. ఇప్పుడు పట్టా సంగతి. లెగో కంపెనీ అమ్మే మామూలు వంపు పట్టా వ్యాసార్థం 40 స్టడ్లు, అంటే 32 సెంటీమీటర్లే, అసుంటియి 16 ముక్కలు కలిపితే ఒక పూర్తి గుండ్రం. 47 సెంటీమీటర్ల డబ్బా 32 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వంపుల తిరగాల్నంటే, గల్లీల ఆర్టీసీ బస్సు తిప్పినట్టే.

ఇక్కడ ఒక మాట క్లియర్ చేసుకుందాం, మనం ఊర్లల్ల డబ్బానే బోగీ అంటం, "ఎన్నో బోగీల ఎక్కినవ్" అని అడుగుతం. రైల్వే లెక్క ప్రకారం బోగీ అంటే డబ్బా కింద ఉండే చక్రాల బండి, ఒక్కో డబ్బాకి రెండుంటయి. వంపు లెక్కంతా ఈ రెండిటి మధ్య దూరం మీదనే నడుస్తది. పట్టా మీద నిలబడేది ఆ రెండు జాగాలే, మధ్యల డబ్బా నడుము వంపు లోపలికి జరుగుతది, రెండు కొసలు బయటికి తోసుకొస్తయి. ఎల్‌హెచ్‌బీల బోగీల మధ్య దూరం 14.9 మీటర్లు, నీ స్కేల్‌ల 37 స్టడ్లు అయితది. లెక్క వేస్తే నడుము నాలుగున్నర స్టడ్లు లోపలికి, కొసలు ఆరు స్టడ్లు బయటికి పోతయి, అంటే ఒక దిక్కు 36 మిల్లీమీటర్లు ఇంకో దిక్కు దాదాపు 5 సెంటీమీటర్లు, ప్లాట్‌ఫారం గుద్దకుంట ఎట్లుంటది మరి.

అదే డబ్బాని 32 స్టడ్లకి కుదించి, బోగీల మధ్య 20 స్టడ్లు పెట్టు. నడుము ఒకటింబావు స్టడ్డు లోపలికి, కొస రెండు స్టడ్లకి కొంచెం తక్కువ బయటికి. కథ ఖతం, నున్నగ తిరుగుతది. సగానికి సగం కోస్తే ఎల్‌హెచ్‌బీ లెక్క కనిపించదేమో అని నీ పానం గుంజుతుంటది, నాకూ గట్లనే అయింది, మొదటి డబ్బా 44 స్టడ్లు కట్టి, దాన్ని కుదించ బుద్ధికాక నెల రోజులు షోకేసుల పెట్టి చూసుకున్న. తర్వాత అర్థమైంది ఏందంటే, మన కన్ను డబ్బా పొడుగుని గుర్తుపట్టదు, కొస కాడ తలుపు, తలుపు పక్కన బాత్రూం చిన్న కిటికీ, ఎర్ర మీద బూడిద రంగు పట్టీ, వీటిని గుర్తుపడతది. తలుపులు ఉన్నయి ఉన్నట్టు ఉంచి మధ్యల కిటికీలు తగ్గించు, పక్కన నాలుగు డబ్బాలు తగిలించి చూడు, ఎవ్వడు కూడా లెక్కబెట్టడు.

లేదన్నా, నాకు ఫుల్ పొడుగే కావాలె అంటవా, దానికీ తొవ్వ ఉంది గాని జేబు చూసుకోవాలె. వేరే చిన్న కంపెనీలు 56, 72, 88, 104 స్టడ్ల వంపులు కూడా చేస్తున్నయి. 104 వంపుల నీ 59 స్టడ్ల డబ్బా నడుము రెండు స్టడ్లు కూడా జరగదు. కాకపోతే ఆ గుండ్రం ఒక్కటే ఐదున్నర అడుగులు దాటుతది, హాలు మొత్తం దానికే రాసియ్యాలె.

ఇంకో రెండు చూసుకో. డబ్బాని డబ్బాకి కలిపే మాగ్నెట్ కప్లింగు డబ్బా బాడీకి బిగించినవా, కింది బోగీకా? బాడీకి బిగిస్తే వంపుల పక్క డబ్బాని అడ్డంగ గుంజి చక్రం లేపుతది, పట్టాలు దిగుడుకి సగం కారణం గిదే, బోగీకే పెట్టు. రెండోది, ఎడమ వంపు అయిపోంగనే కుడి వంపు పెట్టకు, మధ్యల కనీసం ఒక తిన్నటి పట్టా ఉండాలె. కట్టకముందే చూసుకోవాల్నంటే స్టూడియోల హింజ్ టూల్ ఉంది, బోగీని తిప్పి వంపు పట్టా మీద స్క్రీన్‌లనే పెట్టి చూడొచ్చు, ముక్కల పైసలు మిగులుతయి.

నల్గొండ కెళ్లి ఒక టీచరమ్మ: మా బాబు తొమ్మిదో తరగతి. మా ఇంట్ల పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. దాంట్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ నడుస్తదా? ఫోన్ల చేసుకోవచ్చా? రైలుకి ఎంత జాగా కావాలె?

అక్కా, స్టూడియో ఫ్రీనే, అందరూ వాడేది అదే, విండోస్‌కి మ్యాక్‌కి ఉంది, ఫోన్‌కి లేదు. మీ ల్యాప్‌టాప్‌ల చిన్న డిజైన్లు నడవొచ్చు గాని ఇంజిను, నాలుగు డబ్బాలు ఒక్క ఫైల్‌ల పెడితే ఫ్యాన్ మోగుడు మొదలైతది. లియోక్యాడ్ అని ఇంకోటి ఉంది, అదీ ఫ్రీ, మస్తు తేలిక, లినక్స్‌ల కూడా నడుస్తది. ఇన్‌స్టాల్ గోలే వద్దంటే మెకాబ్రిక్స్ బ్రౌజర్‌లనే పనిచేస్తది. పాత వీడియోలు చూసి లెగో డిజిటల్ డిజైనర్ కోసం వెతకకుర్రి, కంపెనీ దాన్ని 2022లనే బంద్ పెట్టింది. బాబుకి ఒక ముచ్చట చెప్పుర్రి: స్టూడియో, లియోక్యాడ్ లోపల వాడే ముక్కల లైబ్రరీకి మూలం ఎల్‌డ్రా అనేది, 1995ల జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా ఆయన మొదలుపెట్టిండు, రెండేళ్లకే చనిపోయిండు, కాని ఆ ఫైల్ ఫార్మాట్ ఈరోజుకీ నడుస్తుంది. అందుకే ఒక సాఫ్ట్‌వేర్‌ల చేసింది ఇంకో దాంట్ల తెరుచుకుంటది, ల్యాప్‌టాప్ మార్చినా బాబు పని పోదు.

ఇగ జాగా. మామూలు వంపుతోని గుండ్రం చేస్తే పట్టాల కింది అడ్డ పలకలతో (స్లీపర్లతో) కలిపి 70 సెంటీమీటర్లు. తిన్నటి పట్టా ఒక్కోటి 16 స్టడ్లు, అంటే 12.8 సెంటీమీటర్లు. ఒక దిక్కు ఎనిమిది, ఇంకో దిక్కు ఎనిమిది పెడితే పొడుగు 173 సెంటీమీటర్లు. అంటే మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు సింగిల్ మంచం ఉంటది గదా, దానంత జాగాల 16 వంపులు, 16 తిన్నటి పట్టాలు పట్టేస్తయి. అట్లని పరుపు మీద పెట్టకుర్రి, పట్టాల జాయింట్లు కుంగుతయి. వడ్రంగి కాడ ఒక ప్లైవుడ్ ముక్క కోయించి మంచం కిందికి తోసేటట్టు పెట్టుకోర్రి, పని అయిపోతది.

గద్వాల కెళ్లి ఒకాయన: మా బావమరిది అమెరికా కెళ్లి పాత లెగో రైలు సెట్ తెచ్చిండు, పట్టాల మీద ఇనుము లెక్క మెరుస్తుంది, కరెంటు అడాప్టర్ కూడా ఉంది. డైరెక్ట్ ప్లగ్గు పెట్టొచ్చా?

ఆగుర్రి, ఆగుర్రి, పెట్టకుర్రి! అది 9 వోల్టుల సిరీస్, 1991ల వచ్చింది. ఆ అడాప్టర్ అమెరికాల కొన్నదైతే దాని మీద ఇన్‌పుట్ 120 వోల్టులు అని రాసి ఉంటది, మనది 230. పిన్ మార్చే కన్వర్టర్ తగిలిస్తే ఆకారం మారుతది గాని వోల్టేజ్ మారదు, ఒక్క నిమిషంల పొగ వస్తది. వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దానికి పెట్టుర్రి.

మీకు దొరికింది మాత్రం బంగారం అన్నా, ఎందుకంటే వాటిల్ల కరెంటు పట్టాలల్లకెళ్లి పోతది, మోటారు చక్రాలు దాన్ని గుంజుకుంటయి, బ్యాటరీ అక్కర్లేదు, పొద్దంతా నడుపుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, మామూలు గుండ్రం పర్వాలేదు గాని, రైలు పోయిన పట్టా మీదికే ఎదురు దిక్కు తిరిగి వచ్చేటట్టు కలిపే లూప్ వేయొద్దు, ఎడమ పట్టా పోయి కుడి పట్టాకి తగిలి షార్ట్ అయితది. ఇప్పటి బ్యాటరీ రైళ్లకి, ప్లాస్టిక్ పట్టాలకి ఈ లొల్లి లేదు. చక్రాలు తుడుస్తుండాలె, దుమ్ము పడితే రైలు జెర్కులు కొడతది.

మహబూబ్‌నగర్ కెళ్లి ఒక తమ్ముడు: మా ఊరి మీంచి పోయే కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ చేస్తున్న అన్నా, డబ్బాలు వచ్చినయి గాని ముక్కు వస్తలేదు, మెట్లు మెట్లుగ కనిపిస్తుంది.

ఇటుకలన్నీ బుడిపెలు పైకి పెట్టి కడుతున్నవు, అందుకే మెట్లు. పక్కకి తిప్పి కట్టు. దీనికి ఒక లెక్క గుర్తుపెట్టుకో, పల్చటి ప్లేట్ ముక్క ఎత్తు 3.2 మిల్లీమీటర్లు, ఐదు ప్లేట్లు పెడితే 16, రెండు స్టడ్ల వెడల్పు కూడా 16. అంటే ఐదు ప్లేట్ల ఎత్తుల రెండు స్టడ్ల ముక్కని అడ్డంగ దూరిస్తే వెంట్రుకంత సందు కూడా రాదు. పక్కన బుడిపె ఉండే ఇటుకలు లోపల పెట్టి, వాటికి కర్వ్డ్ స్లోప్ (వంపు తిరిగిన నున్నటి) ముక్కలు బయటి దిక్కు అతికించుకుంట రా. ముక్కు మొత్తం ఒక్కసారి చేయకు, నట్టనడుమ కెళ్లి సగం చేసి, ఇంకో సగం అద్దంల చూసినట్టు దానికి ఉల్టా కట్టు. తెలుపు, నీలం రంగుల ముక్కలు బానే దొరుకుతయి. కొత్త కాషాయం రంగు వందేభారత్ అనుకుంటే మాత్రం ముక్కలు ఏరే ముందు ఆ ముక్క ఆ రంగుల అసలు తయారైందా లేదా చూసుకో, కంప్యూటర్‌ల ఏ రంగైనా వేయొచ్చు, దుకాణంల దొరకాలె గదా.

దేవరకొండ కెళ్లి: రైలు హబ్ (బ్యాటరీలు, బ్లూటూత్ ఉండే డబ్బీ) ఫోన్‌కి కనెక్ట్ అయితలేదు, యాప్ లొకేషన్ అడుగుతుంది, భయమై ఇయ్యలే. ఛార్జింగ్ బ్యాటరీలు వేస్తే స్లో నడుస్తుంది. ఇంకోటి, ప్రతి టేసన్ కాడ దానంతట అదే ఆగేటట్టు చేయొచ్చా?

పాత ఆండ్రాయిడ్‌ల చుట్టుపక్కల బ్లూటూత్ డివైజులు వెతకాల్నంటే లొకేషన్ పర్మిషన్ ఉండాలె, అది సిస్టం రూలు. ఇచ్చేయుర్రి, పనయినంక తీసేయుర్రి. ఫోన్ సెట్టింగుల బ్లూటూత్ లిస్టుల కెళ్లి పెయిర్ చేయకుర్రి, యాప్ లోపలకెళ్లే కలపాలె, చానామంది ఇక్కడనే దెబ్బతింటున్నరు.

హబ్బుల ఆరు సన్న సెల్లులు పడతయి, ట్రిపుల్ ఏ అంటరు. మామూలువి 1.5 వోల్టులు, ఆరింటికి 9 అయితది. ఛార్జింగువి 1.2, ఆరింటికి 7.2 అన్నట్టు. స్లో అయ్యేది అందుకే, ఖరాబు కాలేదు. నేనైతే ఛార్జింగువే వాడత, జర నెమ్మది పోతే పోనీ, కొత్త సెల్లులు కొనుకుంట పోతే రైలు కన్నా అవే ఎక్కువైతయి.

ఆగుడు సంగతి: హబ్బుకి రెండు పోర్టులుంటయి, ఒకటి మోటారుకి, రెండోదానికి కలర్ సెన్సార్ పెట్టి కిందికి చూసేటట్టు బిగించుర్రి, టేసన్ కాడ పట్టా మధ్యల ఒక ఎర్ర పలక అతికించుర్రి. యాప్‌ల బ్లాకులు పేర్చి ఎర్ర కనిపిస్తే ఆగు, పది సెకన్లు, మళ్లా నడువు అని రాసుకోవచ్చు. కోడింగ్ వచ్చినోళ్లు ఇంట్ల ఉంటే పైబ్రిక్స్ చూడమనుర్రి, క్రోమ్ బ్రౌజర్‌ల పైథాన్ రాసి హబ్బులకే ఎక్కించొచ్చు, ఫోన్ పక్కన లేకున్నా రైలు నడుస్తది. కంపెనీ ఫర్మ్‌వేర్ (హబ్బుల ముందు ఉన్న ప్రోగ్రాం) మళ్లా కావాల్నంటే తిరిగి వేసుకోవచ్చు.

నాగర్‌కర్నూల్ కెళ్లి: లెగో లెక్కనే ఉండే చవక ముక్కలు కలపొచ్చా? దొంగ మాలా అది?

ఇటుక ఆకారం మీద పేటెంట్ ఎప్పుడో అయిపోయింది, ఆ ఆకారాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకుంటమంటే 2005ల కెనడా సుప్రీంకోర్టు, 2010ల యూరప్ కోర్టు ఒప్పుకోలే. సొంత పేరు పెట్టుకుని అమ్మితే దొంగ మాల్ కాదు, లెగో పేరు గుద్దితే దొంగ మాల్. పిల్లల కోసం కొంటే డబ్బా మీద ఐఎస్ఐ మార్కు చూసుకోర్రి, 2021 జనవరి సంది బొమ్మలకి అది తప్పనిసరి. గోడలు, ప్లాట్‌ఫారం, చెట్లు చవకవి పెట్టుర్రి, ఏం కాదు. పట్టాలు, చక్రాలు, మాగ్నెట్లు మాత్రం ఒక్క కంపెనీవే తీసుకోర్రి, అక్కడ అర మిల్లీమీటర్ తేడా వచ్చినా రైలు వంపుల పడుకుంటది.