సీటు బుక్ చేసే ముందు స్కూలు చూడాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది హసన్‌పర్తి దగ్గర పల్లె. పాప యూకేజీ అయిపోవస్తోంది. జూన్‌లో హన్మకొండలో ఒకటో తరగతిలో వేద్దామనుకుంటున్నాం. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఇంటికొచ్చి, ఈ ఫిబ్రవరి నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తామన్నారు. మావారు కట్టేద్దామంటున్నారు. నాకేమో ముందు స్కూలు చూడాలనుంది. వెళ్తే ఏం చూడాలి? పాపకు టెస్ట్ పెడతారేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: అమ్మా, చూడకుండా రూపాయి కూడా కట్టకండి. అదీ పిల్లలు ఉన్నప్పుడు చూడాలి. చాలామంది మే నెలలో వెళ్తారు. అప్పుడు అడ్మిషన్ల గది, ర్యాంకుల ఫ్లెక్సీలు తప్ప ఏం కనబడవు. మార్చి సగానికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఇక లంచ్ టైమే ఉండదు. అందుకే ఈలోపే, మామూలు పనిరోజున, లంచ్ బెల్లుకు కాస్త ముందు వెళ్లండి.

నేను హన్మకొండ ప్రైవేటు స్కూళ్లలో చాలా ఏళ్లు చిన్న తరగతులకు చెప్పాను. నన్నడిగితే మొదట బాత్రూములు చూడమంటాను. ఆఫీసు పక్కది కాదు, ఒకటో తరగతి పిల్లలు వెళ్లేది. నీళ్లు వస్తున్నాయా? గడియ మీ పాప చేతికి అందుతుందా? దగ్గర్లో ఆయా ఉందా? బాత్రూం బాగా లేకపోతే ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగరు. బాటిల్ నిండుగా ఇంటికి తెస్తారు. ఇలాంటి పిల్లల్ని ఎందరినో చూశాను.

తర్వాత నోట్సులు. రెండో తరగతి తెలుగు నోట్సు చూపించమనండి. వాళ్లిచ్చే మంచి నోట్సు వద్దు, దొంతర మధ్యలోంచి మీరే రెండు మూడు తీయండి. అందరూ ‘మా ఇల్లు’ గురించి అవే ఐదు వాక్యాలు రాసి ఉంటే బోర్డు మీదివి దింపుకున్నారన్నమాట. ఎవరైనా ‘బడి’ని ‘భడి’ అని రాస్తే టీచర్ దాని మీదే టిక్కు కొట్టిందా, దిద్ది మళ్లీ రాయించిందా చూడండి. స్కూలు గురించి ఏ బ్రోచరూ చెప్పనిది అక్కడ తెలుస్తుంది. అన్నట్టు, 2018 చట్టం ప్రకారం తెలంగాణలో సీబీఎస్ఈ స్కూలైనా తెలుగు చెప్పి తీరాలి.

క్లాసు గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టండి. విద్యా హక్కు చట్టం లెక్కన ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ ఉండాలి. టేబుల్ మీద బెత్తం కనిపిస్తే మాత్రం నిలదీయండి. పిల్లల్ని కొట్టడాన్ని ఆ చట్టమే నిషేధించింది.

టెస్ట్ గురించి దిగులు వద్దు. ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ, తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా. డొనేషన్ కూడా అడగకూడదు. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరనుకుంటున్న స్కూలు అలాంటిదేమో కనుక్కోండి.

గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో కాగితం చూపించమనండి. యూడైస్ నంబర్ కూడా అడగండి. అది ప్రభుత్వం ఒక్కో స్కూలుకు ఇచ్చే కోడ్, 11 అంకెలుంటుంది.

మీ ఊరి నుంచి బస్సే కాబట్టి సాయంత్రం స్కూలు విడిచేదాకా గేటు దగ్గర ఆగండి. మీ రూటు బస్సులో సీటుకు ఎందరు కూర్చుంటున్నారు, దించడానికి ఆయా ఉందా, చిన్నపిల్లల్ని రోడ్డు ఏ వైపు దించుతారు అన్నవి డ్రైవర్‌నే అడగండి. మీవారినీ తీసుకెళ్లండి, ఆయనా కళ్లారా చూస్తే ఇంట్లో వాదన ఉండదు.

ఇక డబ్బు. ఫీజుతో పాటు పుస్తకాలు, యూనిఫాం, టై, బెల్టు, బస్సు అన్నీ కలిపి ఏడాదికి ఎంతో, చేరకపోతే అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వలేమంటే, నెలాఖరు గడువు దాటిపోయినా సరే, కట్టకుండా వచ్చేయండి.