షాద్‌నగర్‌లో బయటివాళ్లు ఎక్కువయ్యారా? మా అమ్మనడగండి

"షాద్‌నగర్ వైపు ఇల్లు కొనాలనుకుంటున్నాం, ఇతర రాష్ట్రాల వాళ్లు బాగా దిగిపోయారట కదా, కుటుంబంతో ఉండొచ్చా?" అని అడిగారు.

ఉండొచ్చు. మేం ఉంటున్నాం. మా కింది రూముల్లో ఒడిశా పిల్లలు, ఎదురింట్లో కర్నూలు నుంచి వచ్చిన టీచరమ్మ, వెనక వీధిలో హార్డ్‌వేర్ షాపు నడిపే మార్వాడీ ఆయన, మూల మీద యూపీ నుంచి వచ్చిన పానీపూరీ బండి అతను. పాలవాడు మాత్రం మా పక్క తండా మనిషే.

కానీ మీ ప్రశ్న చదవగానే నాకు కొంచెం మండింది, అదీ చెప్పేస్తా. వలస గురించి మా పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వాళ్లను అడిగితే ఇట్లాంటి జవాబే వస్తుంది మరి. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ ఉండాల్సిందే అనేవాళ్లు. నాగార్జునసాగర్‌లో మట్టి మోసింది మావాళ్లు. కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవడం, ముసలివాళ్లనీ పిల్లలనీ ఊళ్లో వదిలేసి బొంబాయికో పూణెకో బతకపోవడం, వానలు పడితే తిరిగి రావడం. మా అమ్మానాన్నలూ అట్లా పోయినవాళ్లే, నన్ను మా నానమ్మ సాకింది. నారాయణపేట, కోస్గి వైపు నుంచి ఇప్పటికీ పోతూనే ఉన్నారు.

ఇక్కడికి వచ్చేవాళ్లు ఎందుకొస్తున్నారో చూడండి. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్లు, 44వ నంబరు జాతీయ రహదారి, రైలు లైను, 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచారు. కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్ చుట్టూ ఇనుము, ప్లాస్టిక్, మందుల ఫ్యాక్టరీలు. వాటిలో వేడి దగ్గర, దుమ్ము దగ్గర పన్నెండు గంటలు నిలబడడానికి మన పిల్లలు రారు. ఎకరం అమ్మినవాడి కొడుకు కొలిమి దగ్గర నిలబడతాడా? కారు కొని క్యాబ్ తిప్పుతాడు, లేదంటే ప్లాట్లు చూపించే ఏజెంటు అవుతాడు. ఎవరేమన్నా నేను చూసింది ఇదే.

మా కింది రూముల పిల్లల సంగతి చెప్తా. ఒకరోజు సాయంత్రం వాళ్లు వంట కూడా చేసుకోకుండా గేటు దగ్గర కూర్చున్నారు. ఏమైందిరా అని అడిగితే ఏమీ లేదు భయ్యా అంటారు. నా హిందీ డిగ్రీ హిందీ, రెండో ముక్క దగ్గర ఆగిపోతుంది. అమ్మ లోపలి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని నాలుగు మాటలు అడిగిందో లేదో, అంతా బయటికొచ్చింది. కాంట్రాక్టరు మూడు నెలలుగా ఖర్చులకు మాత్రం ఇంత చేతిలో పెట్టి, మిగతాది రేపు మాపు అంటున్నాడు. ఇంటికి పోతామంటే, పోతే పొండి, లెక్క తర్వాత చూద్దాం అన్నాడట.

"బండి తీయ్‌రా" అంది అమ్మ.

నాకు టెన్షన్. ఎవరి గొడవో మనకెందుకు, రేపు వాడు మన ఇంటి మీదికి వస్తే? ఆమె వినలేదు. కాంట్రాక్టరు ఆఫీసంటే బైపాస్ పక్కన ఒక షెట్టర్, లోపల టేబులు, దేవుడి ఫోటో, కూలర్. తీరా చూస్తే అతను మా వైపు మనిషే, మా ఊరికి రెండు ఊళ్ల అవతల. అమ్మను చూసి లేచి, కుర్చీ వేసి, "అవ్వా, నువ్వెందుకచ్చినవ్, గీళ్లు గిట్లనే చెప్తరు, మనోళ్లం మనం మాట్లాడుకుందాం" అని తెలుగులో మొదలుపెట్టాడు. ఆ పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తున్నారు, ఒక్క ముక్క అర్థం కాదు వాళ్లకు.

అమ్మ హిందీలో అందుకుంది. అతను తెలుగులో ఎంత బతిమాలినా ఆమె హిందీ వదల్లేదు, వాళ్లకు ప్రతి మాటా వినబడాలని. బొంబాయి సైట్ల మీద నేర్చిన హిందీ అది, మధ్యలో మరాఠీ ముక్కలు, బూతులు కూడా ఉన్నాయనుకుంటా, నాకు అన్నీ తెలియలేదు. హాజరీ బుక్కు తెమ్మంది. ఆమెకు చదువు రాదు, పెద్ద పిల్లాడితో చదివించి, నాగాలు తీసేసి, ఇచ్చిన ఖర్చులు తీసేసి, వేళ్ల మీదే లెక్క చెప్పింది. అతని కాలిక్యులేటర్‌లో కూడా అంతే వచ్చింది. సగం ఆ రాత్రే ఇచ్చాడు, మిగతాది దసరా ముందు. తిండి ఖర్చని కోసుకున్నది మాత్రం ఇప్పటికీ రాలేదు.

తర్వాత నేను వెతికి చూస్తే, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చిందట. 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా దాని ప్రకారం కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాల్సింది, రానుపోను ఖర్చులు ఇవ్వాల్సింది. అమ్మ బొంబాయి పోయిన రోజుల్లో కూడా ఆ చట్టం ఉంది. ఆమెకు దాని పేరు చెప్పిన గుంపు మేస్త్రీ ఒక్కడూ లేడు.

భాషల సంగతంటారా, ఇక్కడ అది కొత్త కాదు. ఉర్దూ ఉంది, తండాల్లో లంబాడీ ఉంది. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు షాద్‌నగర్ నుంచే గెలిచారు. ఆయనకు ఉర్దూ, మరాఠీ, కన్నడ, పారసీ అన్నీ వచ్చు. ఆయన తర్వాత మా అమ్మే అని నేను అంటుంటా. ఇన్ముల్‌నర్వ దగ్గర జేపీ (జహంగీర్ పీర్) దర్గాలో కందూరు, అంటే మొక్కు విందు, చేసేవాళ్లలో హిందువులూ ఉంటారు, మేమూ చేశాం. ఆ ఒడిశా పిల్లలు కూడా వచ్చి ఉల్లిగడ్డలు కోశారు.

మీరు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మేం ఏ జిల్లా వాళ్లమో మాకే గందరగోళం. 2016లో మమ్మల్ని మహబూబ్‌నగర్ నుంచి తీసి రంగారెడ్డిలో కలిపారు, ఎంపీ ఓటు మాత్రం ఇప్పటికీ మహబూబ్‌నగర్‌కే వేస్తాం. మా ఇంట్లో మహబూబ్‌నగర్ నంబరు ఏపీ 22 స్కూటర్ ఒకటి, రంగారెడ్డి నంబరు టీఎస్ 07 బండి ఒకటి. ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలే అని బ్రోచర్లో రాస్తారు, అర్ధరాత్రి కొలిచారేమో. ఇక నీళ్లు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చేశారు, దాంట్లో చివరిదైన లక్ష్మీదేవిపల్లి జలాశయం మా దగ్గరే రావాలి. ఊరూరా డ్యాములు కట్టినవాళ్లం, మా చెరువుకు కృష్ణ నీళ్ల కోసం ఇంకా చూస్తున్నాం.

కాబట్టి ప్లాటు చూడడానికి ఏప్రిల్, మే నెలల్లో రండి. వెంచర్ వాళ్ల కారెక్కకుండా బస్సులో రండి. పక్కింటి బోరు ఎంత లోతు వేశారో, నెలకు ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తున్నారో అడగండి. ఆ ఇంట్లో ఉన్నది ఒడిశా వాళ్లైతే ఇంకా మంచిది, కిరాయికి ఉండేవాళ్లు కాబట్టి రేటు పెంచే పని వాళ్లకు లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తారు.