పాఠకుల ప్రశ్నలు: నవ్వించినవాళ్లు తమ కథ తామే చెప్పుకుంటే

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి సెలవులకు వచ్చి ‘మాంటీ పైథాన్: ఆల్మోస్ట్ ది ట్రూత్’ అనే ఆరు భాగాల డాక్యుమెంటరీని పట్టుబట్టి చూపించాడు. పెద్దవయసు దొరలు కుర్చీల్లో కూర్చుని పాత సంగతులు చెప్పుకోవడం, మధ్యలో పొంతన లేని బొమ్మలు రావడం తప్ప నాకేమీ బోధపడలేదు. పైగా ఒకే సంగతిని ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు. ఏది నిజమో తేల్చనప్పుడు అది చరిత్ర ఎలా అవుతుంది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: ఆ పేరుకు అర్థమే ‘దాదాపు నిజం’ కనుక, తీసినవాళ్లు మీకు ముందే చెప్పి మొదలుపెట్టారనుకోవాలి. మాంటీ పైథాన్ అంటే బ్రిటన్‌లో పేరుపొందిన ఆరుగురి హాస్య బృందం. వాళ్ల టీవీ హాస్య కార్యక్రమం ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ 1969 అక్టోబరు 5న బీబీసీలో మొదలై, 1974 వరకు మొత్తం 45 భాగాలుగా వచ్చింది. దానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2009లో మీరు చూసిన డాక్యుమెంటరీ వెలువడింది. దర్శకులలో ఒకరైన బిల్ జోన్స్, ఆ ఆరుగురిలో ఒకరైన టెర్రీ జోన్స్ కుమారుడే. ఇంటి పిల్లవాడు అడుగుతున్నాడు కాబట్టి కాబోలు, చెప్పేవాళ్లలో బిగువు తక్కువగా, ఒకరినొకరు ఎత్తిపొడుచుకునే చనువు ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక జ్ఞాపకాలు కలవకపోవడానికి కారణం వాళ్లు పనిచేసిన తీరులోనే ఉంది. కేంబ్రిడ్జిలో చదివిన జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్ ఇద్దరూ ఒక జంటగా రాసేవారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన మైకేల్ పేలిన్, టెర్రీ జోన్స్ మరొక జంట. కేంబ్రిడ్జివాడే అయిన ఎరిక్ ఐడిల్ ఒంటరిగా రాసుకునేవారు. అమెరికా నుంచి వచ్చిన టెర్రీ గిలియం కాగితపు బొమ్మలు కత్తిరించి కదిలించే పని చూసుకునేవారు. తరువాత అందరూ ఒకచోట చేరి, రాసినవి పైకి చదివి, మిగిలినవాళ్లు నవ్వినదాన్ని ఉంచుకునేవారు. ఒకే పెళ్లి వంటశాలలో ఉన్నవాడికి ఒక విధంగా, పీటల దగ్గర ఉన్నవాడికి మరొక విధంగా గుర్తుంటుంది కదా! ఆ ఇద్దరినీ ఒకే మాట మీదకు తెచ్చి చెప్పించి ఉంటే మీకు పెళ్లి వీడియో మిగిలేది కానీ పెళ్లి కనిపించేది కాదు. ఈ డాక్యుమెంటరీ తీసేనాటికి, ఈ వాదులాటలో తిరిగి జవాబు చెప్పుకోలేనివాడు చాప్‌మన్ ఒక్కరే. ఆయన 1989 అక్టోబరు 4న, తమ కార్యక్రమానికి ఇరవై ఏళ్లు నిండడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు మరణించారు. అందువల్ల ఆయన మనకు పాత రికార్డింగులలో మాత్రమే కనిపిస్తారు; ఆయన గురించి మిత్రులు చెప్పే మాటలను మాత్రం కొంచెం ఆచితూచి వినమని నా సలహా.

పొంతన లేని బొమ్మల గురించి మన సీమవాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదని నేననుకుంటాను. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే, కథతో ఏ సంబంధమూ లేకుండా కేతిగాడూ బంగారక్కా తెర మీదకు వచ్చి, నాలుగు మోటు మాటలతో జనం నిద్ర వదలగొట్టి వెళ్లిపోతారు. ఎందుకు వచ్చారని ఎవరూ అడగరు. ఈ ఆరుగురూ చేసింది దానికి దగ్గరి పనే. హాస్య సన్నివేశం చివర ఒక చమత్కారంతో ముగియాలన్న నియమాన్ని వదిలేసి, సగంలో ఆపి, గిలియం బొమ్మ మీదుగా వేరొక చోటికి దూకేవారు. మీరు డాక్యుమెంటరీకంటే ముందు వాళ్ల ‘చేపల నృత్యం’ చూడండి. కాలువగట్టు మీద ఇద్దరు నిలబడి ఉంటారు. పేలిన్ చిన్న చేపలు పట్టుకుని గంతులు వేస్తూ వచ్చి క్లీజ్ చెంపల మీద సుతారంగా తట్టి వెనక్కు వెళతారు, మళ్లీ వస్తారు. క్లీజ్ కదలకుండా అంతా భరించి, చివరకు ఒక పెద్ద చేప తీసి ఒక్క దెబ్బ కొడితే పేలిన్ నీళ్లలో పడతారు. అంతే. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా నవ్వు ఆగదు.

ప్రశ్న: ఒక పాటగాడు ఇల్లు తాకట్టు పెట్టి వీళ్ల సినిమాకు డబ్బు పెట్టాడని విన్నాను. కట్టుకథేనా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: నిజమేనమ్మా. 1979లో విడుదలైన ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’కు డబ్బు పెడతామన్న ఈఎంఐ అనే బ్రిటిష్ సినిమా సంస్థ షూటింగుకు ముందు వెనక్కు తగ్గింది. అప్పుడు బీటిల్స్ అనే పాటల బృందానికి చెందిన జార్జ్ హారిసన్ ముందుకొచ్చి ఆ భారం తలకెత్తుకున్నారు. ఎందుకని అడిగితే, ఆ సినిమా చూడాలని ఉంది కాబట్టి అన్నారట. సినిమా టికెట్టుకు అంత ధర చెల్లించిన ప్రేక్షకుడు మరొకడు లేడని పైథాన్ మిత్రులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రశ్న: మా సంఘం ముప్ఫై ఏళ్లుగా హాస్యనాటికలు ఆడుతోంది. దాని చరిత్రను వీడియోగా తీయాలని సంకల్పించాము. పాత ప్రదర్శనల రికార్డింగులు చాలావరకు లేవు. ఒక నాటిక ఎవరు రాశారన్న దగ్గరే ఇద్దరు పెద్దలు మాట్లాడుకోవడం మానేశారు. ఏం చేయాలి?
— ఒక నాటక సంఘం కార్యదర్శి, అనంతపురం

జవాబు: ఆ ఇద్దరినీ రాజీ చేయకుండా, వేర్వేరు రోజులలో కూర్చోబెట్టి ఇద్దరి మాటలూ రికార్డు చేయండి, పక్కపక్కన పెట్టి చూపండి, ఎవరు రాశారో ప్రేక్షకులకు అర్థమవుతుంది, లేదా కాదు. రెండూ మంచివే.

రికార్డింగుల విషయం కష్టమైనది. 1960లలో వీడియో టేపు ఖరీదైనది కావడంతో, ప్రసారమయ్యాక చెరిపి మళ్లీ వాడుకోవడం బ్రిటన్‌లో మామూలే. పైథాన్ కంటే ముందు, 1967లో క్లీజ్, చాప్‌మన్ నటించిన ‘ఎట్ లాస్ట్ ది 1948 షో’ అనే టీవీ హాస్య కార్యక్రమం టేపులు చాలావరకు అలాగే పోయి, తరువాత ఏళ్ల తరబడి వెతికి రాబట్టుకోవలసి వచ్చింది. ఫ్లయింగ్ సర్కస్ మాత్రం మిగిలింది. దాన్ని ఇతరులు ఇష్టం వచ్చినట్టు కత్తిరించకుండా వాళ్లు కోర్టుకు కూడా వెళ్లారు. 1975లో అమెరికాలోని ఏబీసీ చానల్ మూడు అరగంట భాగాలను గంటన్నర కార్యక్రమంగా మార్చి, అందులో 24 నిమిషాలు కత్తిరించి ప్రసారం చేస్తే, అలా కత్తిరించినది మేము చేసిన కార్యక్రమం కాదు పొమ్మని దావా వేశారు. 1976లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. మీరు దావాలు వేయనక్కరలేదు కానీ, నాటిక ప్రతులు, కరపత్రాలు, టికెట్టు పుస్తకాలు ఎవరి అటకల మీద ఉన్నాయో ఈ వారమే వెళ్లి దించండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక సమాజానికి వారసుల నోటిమాటే పెద్ద భాండాగారం, మీ పెద్దలు ఇంకా ఎదుటే ఉన్నారు.

ఇది అనుభవంతో చెబుతున్నాను. నేను వేషం వేసిన ఒక నాటికను మా ఊళ్లో ఒక వీడియోవాలా క్యాసెట్లో తీశాడు. ఆరు నెలల తరువాత అడిగితే, ఖాళీ క్యాసెట్ లేక దాని మీదే ఒక పెళ్లి ఎక్కించానని చల్లగా చెప్పాడు. ఆ పెళ్లివారిని బతిమాలి క్యాసెట్ తెచ్చుకున్నాను. రెండు గంటల పెళ్లి అయ్యాక, అప్పగింతల ఏడుపు మధ్యలో తెర ఒక్కసారి గీతలు కొట్టి, పన్నెండు సెకన్లపాటు మా నాటిక వస్తుంది. అందులో నేను తలుపు తీసుకుని లోపలికి వస్తాను, నోరు తెరుస్తాను, టేపు అయిపోతుంది.