ఫానన్ చదివాకే నవలలు పుట్టాయా?

ప్రశ్న: మాస్టారూ, నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. వచ్చే వారం ఆఫ్రికా నవలల మీద సెమినార్ ఇవ్వాలి. అక్కడి రచయితలంతా వలస వ్యతిరేక సిద్ధాంతాన్ని, ముఖ్యంగా ఫానన్‌ను, కథలుగా మార్చి రాశారని గైడ్‌లో ఉంది. అదే చెప్పేయొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: చెప్పొద్దమ్మా. ముందు తేదీలే ఒప్పుకోవు. నైజీరియా రచయిత అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ 1958లో వచ్చింది. ఫానన్ ‘ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్’ ఫ్రెంచిలో వెలువడింది 1961లో. ఆ డిసెంబరులోనే లుకేమియాతో ఆయన పోయారు, 36 ఏళ్లకే. కరీబియన్‌లోని మార్టినిక్ దీవిలో పుట్టి, అల్జీరియాలో మానసిక వైద్యుడిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి అక్కడి విముక్తి పోరాటంలో చేరిన మనిషి.

అలాగని ఆయన ప్రభావాన్ని తీసిపారేయకండి. తెల్లదొర దిగిపోయాక ఆ కుర్చీలో కూర్చునేది ఎవరని ఆయన సూటిగా అడిగారు. విదేశీ కంపెనీలకు దళారీ పని తప్ప ఇంకేమీ చేతకాని కొత్త పెద్దమనుషులు వస్తారని హెచ్చరించారు. కెన్యాకు 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది అక్కడి నవలాకారుడు గూగీ ఇంగ్లండులో లీడ్స్ యూనివర్సిటీకి వెళ్లారు, ఫానన్‌ను అక్కడ చదివారు. 1967లో ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ నవల తెచ్చారు.

అందులో గికోన్యో అనే వడ్రంగి ఉంటాడు. బ్రిటిష్ వాళ్ల డిటెన్షన్ క్యాంపుల్లో మగ్గి వచ్చినవాడు. ఊరివాళ్లు కొందరితో కలిసి ఒక దొరగారి పొలం కొందామనుకుంటాడు. లోన్ ఇప్పించమని నైరోబీ వెళ్లి తమ ఎంపీని అడుగుతాడు. ఆయన తియ్యగా మాట్లాడి, చూద్దామని పంపించేస్తాడు. తీరా చూస్తే ఆ పొలం కొన్నది ఎంపీగారే! మన విశాఖ చుట్టుపక్కల భూములు చేతులు మారడం చూస్తూ పెరిగిన పిల్లలకు క్లాసులో ఈ ఘట్టం చెబితే, నేను వివరించే పనే ఉండేది కాదు.

ఇంతవరకూ ఫానన్ చూపు కనిపిస్తుంది. కానీ అదే నవలలో ముగో ఉన్నాడు. ఊరంతా అతన్ని వీరుడనుకుంటుంది, స్వాతంత్ర్య దినాన మాట్లాడమని బతిమాలుతుంది. ఉద్యమ నాయకుడు కిహికాను పట్టించింది తనేనని అతను ఆ జనం ముందే ఒప్పుకుంటాడు. నాకు ఆ నవలలో గొప్ప చోటు ఇదే. ఈ ముగోను గూగీకి ఏ సిద్ధాంత గ్రంథమూ ఇవ్వలేదు.

మన రావిశాస్త్రిగారినే తీసుకోండి. మార్క్సిజం ఆయనకు చూపునిచ్చింది, నిజమే. ‘ఆరు సారా కథలు’లోని మనుషులూ మాటలూ మాత్రం ఇదే ఊళ్లో వకీలుగా ఉంటూ ఆయన చూసినవీ విన్నవీ.

గూగీ మీద సిద్ధాంతం పనిచేసిన తీరు చూడాలంటే 1977కి రండి. దొరల భాష కాదని, కమిరీథు గ్రామస్థులతో కలిసి తన మాతృభాష గికుయులో నాటకం ఆడించారు. ఇంగ్లీషు నవలలను సహించిన ప్రభుత్వం దీన్ని సహించలేదు. ఆ డిసెంబరులో జైల్లో పెట్టింది. అక్కడ టాయిలెట్ పేపరు మీద గికుయులోనే ఆయన రాసిన నవలను వరవరరావు ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగులోకి తెచ్చారు.

సెమినార్‌కి ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ ఒక్కటి పూర్తిగా చదవండి. ఆ తర్వాత ఫానన్ పుస్తకంలో మూడో అధ్యాయం చూడండి. గైడ్ పక్కన పెట్టేయండి.