మోర్గాన్ డాలర్లలో అచ్చు తేడాలు: పాప చదువు డబ్బు ఇటు మళ్లించవచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. ఆరేళ్లుగా నెలకొకటి చొప్పున 72 మోర్గాన్ డాలర్లు (అమెరికా పాత వెండి నాణేలు) కొన్నాను. వీటిలో ‘వామ్’ అనే అచ్చు తేడా ఉన్నది దొరికితే ఎన్నో రెట్లు ధర పలుకుతుందట. వాటిని గుర్తుపట్టడమెలా? పాప చదువుకోసం పెట్టిన 529 పొదుపు ఖాతాలో నెలనెలా వేసే 400 డాలర్లు ఇటు మళ్లించవచ్చా?

జవాబు: 529 డబ్బు జోలికి వెళ్లకండి. అచ్చు తేడాల్లో లాభం లేదని కాదు. అయితే అది మీ డబ్బు సంపాదించే లాభం కాదు, మీ కంటికి దక్కే కూలి. అమ్మేవాడి దృష్టికి రానిది మీరు పట్టుకుని, మామూలు ధరకే కొన్నప్పుడే అది మిగులుతుంది. పేరు చెప్పి అమ్మే నాణేన్ని కొంటే ఆ కూలి అమ్మినవాడి జేబులోకి ముందే వెళ్లిపోయినట్టే.

ఇక ఉన్న 72 సంగతి. ముందు కాటా మీద పెట్టండి. బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగిన నాణెం కాస్త తగ్గుతుంది. కొత్తదిలా మెరుస్తూ అర గ్రాము తేడా చూపిస్తే నకిలీయేమోనని పక్కన పెట్టండి. తర్వాత బొరుసు వైపు, దండ ముడి కింద టంకశాల గుర్తు చూడండి. ఓ అంటే న్యూ ఆర్లీన్స్, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, సీసీ అంటే కార్సన్ సిటీ. 1921లో డెన్వర్ కూడా కొట్టింది, దాని గుర్తు డి. ఏదీ లేకపోతే ఫిలడెల్ఫియా. వాన్ అలెన్, మాలిస్ అనే ఇద్దరు ఒక్కో సంవత్సరం, టంకశాల కింద డై (నాణెం కొట్టే అచ్చు) జతలకు వేసిన అంకెలే ఈ వామ్‌లు. అందుకే సంవత్సరం, గుర్తు తెలియకుండా భూతద్దం పట్టుకుంటే కళ్లనొప్పి తప్ప ఏమీ మిగలదు.

పది రెట్లు చూపే లూప్ (చిన్న భూతద్దం), ఒకే బల్బున్న టేబుల్ లైటు చాలు. నాణేన్ని నెమ్మదిగా వంచుతూ తిప్పండి. 1878 ఫిలడెల్ఫియా నాణెమైతే గద్ద తోక ఈకలు లెక్కపెట్టండి. మొదట 8 ఉండేవి, తర్వాత 7కి మార్చారు. కొన్ని పాత డైల మీదే కొత్త బొమ్మను అదిమారు కాబట్టి 7 ఈకల కింద పాతవాటి కొసలు తొంగిచూస్తాయి. 1888-ఓలో, అంటే ఓ గుర్తున్న 1888 నాణెంలో, బొమ్మ వైపున్న లిబర్టీ అనే స్త్రీ పెదవులు, ముక్కు, గడ్డం జంటగా కనిపిస్తే అది ‘హాట్ లిప్స్’, వామ్-4. దానికి లూప్ కూడా అక్కర్లేదు. 1900-ఓలో ఓ అక్షరం చుట్టూ చూడండి. కార్సన్ సిటీలో నాణేల ముద్రణ 1893లో ఆగిపోయాక, మిగిలిన డైల మీదే సీసీ పైన ఓ కొట్టారు. ఆ సీసీ గీతలు ఓ పక్కన ఇంకా కనిపిస్తాయి. అదే 1900-ఓలో మరీ చిన్న ఓ కనబడితే సంబరపడకండి. 1896, 1900, 1902 సంవత్సరాల చిన్న ఓ నాణేలు ఆనాటి దొంగ నాణేలేనని 2005లో తేలింది. 1899ది మాత్రం అసలుదే.

ఎక్కువమంది బోల్తా పడేది జంట గీతల దగ్గరే. నాణెం కొట్టేటప్పుడు డై కాస్త జారినా అక్షరం పక్కన మెట్టులాంటి బల్లపరుపు గీత వస్తుంది. అది అక్షరాన్నే కొంత తినేసి సన్నబరుస్తుంది. దానికి అదనపు ధర లేదు. అసలైన జంట అచ్చు డై తయారీలోనే పడుతుంది. రెండు బొమ్మలూ గుండ్రంగా, ఎత్తుగా ఉంటాయి, అక్షరం లావెక్కుతుంది, కొసలు చీలినట్టు కనబడతాయి.

అన్నట్టు, వీటిని పూజ సామాన్లలా చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, ధర పోతుంది. మెత్తటి పీవీసీ సంచుల్లోనూ దాచకండి, పచ్చటి జిగురు పడుతుంది.

దొరికిందల్లా గ్రేడింగ్‌కు (నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చి లేబుల్ వేసే సంస్థలకు) పంపితే నష్టమే. గ్రేడింగ్ రుసుము, వామ్ పేరు రాసే వెరైటీ రుసుము, పోస్టేజీ, బీమా కలిపి 60 డాలర్లు అయ్యాయనుకోండి. వామ్ వల్ల 30 డాలర్లే పెరిగే నాణెం మీద 30 చేతి నుంచి పోయినట్టు. వేల వామ్‌లున్నా కొనేవాళ్లు వెతికేది కొన్నింటినే. ‘టాప్ 100’, ‘హాట్ 50’ అనే పేరున్న వామ్‌ల జాబితాల్లో ఉన్నవాటినే పంపండి. కొన్ని సంస్థలు తాము ఎంపిక చేసిన వామ్‌లనే లేబుల్ మీద రాస్తాయి. అది ముందే కనుక్కోండి.

పన్ను సంగతికొస్తే, ఏడాది దాటాక అమ్మితే వచ్చే లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడుతుంది, షేర్లకున్న తక్కువ రేటు వీటికి లేదు. ఏడాది లోపైతే మామూలు ఆదాయంలో కలుస్తుంది. ఐఆర్‌ఏ (రిటైర్‌మెంట్ ఖాతా) డబ్బుతో వీటిని కొంటే ఆ సొమ్ము వెనక్కి తీసుకున్నట్టే లెక్క. 72 నాణేల రసీదులు ఒకచోట పెట్టండి. హోమ్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా తీసి చదవండి. నాణేలకు 200 డాలర్ల వరకే ఇచ్చే పాలసీలు మామూలు, అందుకే విడిగా రైడర్ (పాలసీకి జోడించే అదనపు బీమా) అడగాలి.

సరదా మానమనను. నెలకొక నాణెం వరస అలాగే సాగించండి, కానీ ఇంటి ఖర్చుల్లోని వినోదం పద్దులోంచి. ఈ ఆదివారం 1900-ఓలుంటే ముందు వాటినే దీపం కింద పెట్టండి.