సమాధానం: 14 ఏళ్ల 4 నెలల సర్వీసు, వెన్ను గాయం

తమ్ముడూ, సైన్యంలో డ్యూటీలో వెన్ను దెబ్బతిని లో మెడికల్ కేటగిరీలో, అంటే పూర్తి ఫిట్ కానివాళ్ల వర్గంలో పడ్డానని, సొంత దరఖాస్తు పెట్టి ఉద్యోగం వదిలి మన ఊరు కాశీనగర్ వచ్చేయనా అని అడిగావు. వద్దు. దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకు.

జవానుకు సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు నిండాలి. నువ్వే కోరుకుని ముందే వస్తే అది పోయే ప్రమాదం ఉంది, వైకల్య పెన్షన్ కూడా చిక్కుల్లో పడుతుంది. కూర్చుని చేసే పని, అంటే షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ అడుగు. ఎనిమిది నెలలే కదా, ఓర్చుకో.

ఒకవేళ వాళ్లే మెడికల్ బోర్డు పెట్టి పంపేస్తే సంగతి వేరు. గాయం సర్వీసు వల్లే అయిందని బోర్డు రాస్తే 15 ఏళ్లు నిండకపోయినా సర్వీస్ ఎలిమెంట్ (సర్వీసుకు ఇచ్చే పెన్షన్ భాగం), దానిపైన డిసెబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికి ఇచ్చే భాగం) వస్తాయి. ఈ డిసెబిలిటీ ఎలిమెంట్ నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం, తక్కువైతే ఆ లెక్కన.

అన్నిటికంటే ముఖ్యం ఇంజురీ రిపోర్ట్, అంటే గాయం ఎలా అయిందో యూనిట్ రాసిచ్చే కాగితం. నాది పాత ట్రంకు పెట్టెలో, పెళ్లి ఫొటోల కింద దొరికింది. మడతల దగ్గర చిరిగినా సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సంతకం కనబడింది, దాంతోనే నా అప్పీలు నిలబడింది. నీది ఈరోజే జిరాక్స్ తీసి ఇంటికి పంపు.

బోర్డు కాదంటే ముందు అప్పీలు, తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన ఒడిశా వాళ్లకి అది కోల్‌కతా బెంచ్. పర్లాకిమిడి వస్తే కాగితాలు తీసుకురా, కలిసి చూద్దాం.